హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్

హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ (సుమారు 808 - 873) బాగ్దాదు నగరంలో నివసించిన సుప్రసిద్ధ వైద్యుడు, అనువాదకుడు, నేత్రవైద్య గ్రంథకర్త. ఇతని పూర్తి పేరు అబూ జైద్ హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ అల్-ఇబాదీ. లాటిన్ గ్రంథాలలో ఇతడు జోహన్నిటియస్ అనే పేరుతో కనిపిస్తాడు. గ్రీకు వైద్యుడు గాలెన్ రచనలలో అధిక భాగాన్ని సిరియాక్, అరబ్బీ భాషలలోకి తెచ్చినవాడు ఇతడే. అంతవరకు అరబ్బీ భాషలో పేరే లేని శరీర భాగాలకు, వ్యాధులకు, చికిత్సలకు ఇతడు, ఇతని శిష్యులు కలిసి స్థిరమైన పరిభాషను ఏర్పరచారు. అర్థం కాని పదం ఎదురైనప్పుడు ఊహించి వ్రాయక, మరిన్ని ప్రతులు సంపాదించి సరిచూసుకోవడం ఇతని పద్ధతి. వైద్య గ్రంథంలో ఒక్క పదం తప్పినా రోగి ప్రాణానికి ముప్పు వాటిల్లే అవకాశం ఉన్నందున ఈ పద్ధతికి చరిత్రలో విశేష ప్రాధాన్యం లభించింది.

బాల్యం, విద్యాభ్యాసం

హునైన్ నేటి ఇరాక్ దేశంలోని కూఫా సమీపాన ఉన్న అల్-హీరా పట్టణంలో జన్మించాడు. ఇతని కుటుంబం ఇబాద్ అనే అరబ్ క్రైస్తవ సమూహానికి చెందినది. తండ్రి ఇస్‌హాక్ మందుల వ్యాపారి. ఇంట్లో అరబ్బీ, చర్చిలో సిరియాక్ వినిపించే వాతావరణంలో పెరగడం వలన ఆ రెండు భాషలూ ఇతనికి చిన్ననాటనే అలవడ్డాయి.

యౌవనంలో బాగ్దాదు చేరి, ప్రముఖ వైద్యుడు యుహన్నా ఇబ్న్ మాసవైహ్ వద్ద శిష్యుడుగా చేరాడు. హునైన్ పాఠం మధ్యలో ఎడతెగని ప్రశ్నలు వేసేవాడట. ఒకనాడు గురువు విసిగిపోయి, హీరా పట్టణం వారికి నాణేల మారకం వ్యాపారమే తగినదని, వైద్యం వారి పని కాదని ఎగతాళి చేసి పంపివేశాడు. హునైన్ కన్నీళ్ళతో అక్కడి నుండి వెళ్ళిపోయాడని తరువాతి కాలపు చరిత్రకారులు వ్రాశారు.

ఆ పిమ్మట రెండేళ్ళకు పైగా ఇతడు బాగ్దాదులో కనిపించలేదు. తిరిగి వచ్చేసరికి గ్రీకు భాషను క్షుణ్ణంగా నేర్చుకుని, హోమర్ కావ్యాలను కంఠతా చదవగల స్థితికి చేరుకున్నాడు. అతి పిన్న వయసులోనే ఇతడు చేసిన అనువాదాలను చూసి, ఖలీఫా ఆస్థాన వైద్యుడు జిబ్రీల్ ఇబ్న్ బుఖ్తీషూ అబ్బురపడి, గురువును సంబోధించే గౌరవ పదంతో ఇతనిని పిలిచాడు. ఒకప్పుడు వెళ్ళగొట్టిన ఇబ్న్ మాసవైహ్ కూడా తరువాత ఇతనితో సఖ్యత కుదుర్చుకుని, తన కోసం పుస్తకాలు అనువదించమని కోరాడు.

బాగ్దాదులో అనువాదాలు

అబ్బాసీ ఖలీఫాల కాలంలో బాగ్దాదు అనేక దేశాల విద్యలకు కూడలిగా ఉండేది. హారూన్ అల్-రషీద్ పాలనలో (786 - 809) మంక అనే భారతీయ వైద్యుడు శస్త్రచికిత్సకు ప్రసిద్ధమైన సుశ్రుతుని గ్రంథాన్ని అక్కడ వివరించినట్లు 10వ శతాబ్దపు గ్రంథసూచికారుడు ఇబ్న్ అల్-నదీమ్ పేర్కొన్నాడు. గ్రీకు గ్రంథాలకు ఆదరణ ఇంకా ఎక్కువగా ఉండేది. బనూ మూసా అని పిలువబడే ముగ్గురు సోదరులు అనువాదకులకు నెలకు 500 దీనారాల వరకు చెల్లించేవారని ఇదే గ్రంథకర్త తెలిపాడు. ఖలీఫా అల్-మామూన్ హునైన్ అనువాదాలకు తూకం వేసి బంగారం ఇచ్చేవాడని, అందువలన వాటిని దళసరి కాగితంపై పెద్ద అక్షరాలతో వ్రాయించేవారని ఒక కథ ప్రచారంలో ఉంది.

హునైన్‌ను బాగ్దాదులోని విజ్ఞాన గృహానికి అధిపతిగా చాలా పుస్తకాలు వర్ణిస్తాయి. అయితే తన అనువాదాల గురించి ఇతడు స్వయంగా వ్రాసిన లేఖలో ఆ సంస్థ ప్రస్తావన లేదు. తనతో పుస్తకాలు వ్రాయించుకున్నవారిగా వైద్యులను, ధనికులను, ఆస్థాన ప్రముఖులను మాత్రమే ఇతడు పేర్కొన్నాడు.

ఈ పనిలో కుమారుడు ఇస్‌హాక్, మేనల్లుడు హుబైష్ ఇతనికి ముఖ్య సహాయకులు. సాధారణంగా హునైన్ గ్రీకు నుండి సిరియాక్‌లోకి అనువదించగా, హుబైష్ దానిని అరబ్బీలోకి మార్చేవాడు. చుక్కలు లేకుండా వ్రాసిన అరబ్బీ లిపిలో హుబైష్, హునైన్ అనే పేర్లు ఒకేలా కనిపిస్తాయి. అందువలన మేనల్లుని అనువాదాలు ఎన్నో మామ పేరున చలామణి అయ్యాయని ప్రాచీన జీవిత చరిత్రకారులు వ్రాశారు.

అనువాద పద్ధతి

గాలెన్ వ్రాసిన వైద్య సంప్రదాయాల గ్రంథం విషయంలో హునైన్ పొందిన అనుభవం అతని పద్ధతిని చక్కగా తెలుపుతుంది. సుమారు 20 ఏళ్ళ వయసులో, జుందీషాపూర్ వైద్యుడొకని కోసం, ఇతడు ఆ పుస్తకాన్ని సిరియాక్‌లోకి అనువదించాడు. చేతిలో ఉన్నది తప్పులతో నిండిన ఒకే ఒక్క గ్రీకు ప్రతి. దాదాపు 40 ఏళ్ళ వయసులో హుబైష్ ఆ అనువాదాన్ని సవరించమని అడిగాడు. అప్పటికి హునైన్ వద్ద అదే గ్రంథానికి అనేక గ్రీకు ప్రతులు చేరాయి. ముందుగా ఆ ప్రతులన్నింటినీ ఒకదానితో ఒకటి పోల్చి, పాఠాంతరాలను పరిశీలించి, ఒక శుద్ధ ప్రతిని సిద్ధం చేశాడు. ఆ తరువాతే తన పాత సిరియాక్ అనువాదాన్ని దానితో సరిచూసి దిద్దాడు. తాను అనువదించే ప్రతి గ్రంథానికీ ఇదే విధానాన్ని పాటించడం తనకు అలవాటని ఇతడు తెలిపాడు.

ప్రతుల కోసం హునైన్ చాలా దూరాలు ప్రయాణించాడు. గాలెన్ తర్కంపై వ్రాసిన నిరూపణ అనే గ్రంథం కోసం మెసొపొటేమియా, సిరియా, పాలస్తీనా ప్రాంతాలు తిరిగి, ఈజిప్టులోని అలెగ్జాండ్రియా వరకు వెళ్ళాడు. చివరకు డమాస్కస్ నగరంలో దాదాపు సగం భాగం మాత్రమే, అదీ వరుస తప్పిన స్థితిలో, లభించింది.

పూర్వపు అనువాదకులు కొందరు ఒక్కొక్క గ్రీకు పదానికి ఒక్కొక్క పదం చొప్పున వ్రాసుకుంటూ పోయేవారు. హునైన్ ముందుగా వాక్యాన్ని మొత్తం చదివి, భావాన్ని గ్రహించి, దానిని అరబ్బీ లేక సిరియాక్ నుడికారంలో వ్రాసేవాడు. ఈ రెండు పద్ధతుల మధ్య భేదాన్ని 14వ శతాబ్దపు రచయిత అస్-సఫదీ వివరించాడు.

తెలియని పదాలు

గాలెన్ వైద్య నామాల గురించి వ్రాసిన పుస్తకంలో గ్రీకు నాటకకర్త అరిస్టోఫేనీస్ రచన నుండి ఒక భాగం ఉదాహరించబడింది. హునైన్ దానిని అనువదించకుండా వదిలివేశాడు. తన వద్దనున్న గ్రీకు ప్రతిలో ఆ భాగం తప్పులతడకగా ఉన్నదని, అరిస్టోఫేనీస్ భాషతో తనకు పరిచయం లేదని, దానిని విడిచిపెట్టినా గాలెన్ చెప్పదలచిన విషయానికి లోటు రాదని ఆ చోటనే పాఠకునికి తెలియజేశాడు. గ్రీకు భాషలో అంతటి పండితుడు తన పరిమితిని దాచుకోకుండా వ్రాయడం గమనించదగినది.

డయాస్కొరిడీస్ రచించిన ఔషధ గ్రంథం విషయంలోనూ ఇటువంటిదే జరిగింది. దానిని స్టెఫాన్ ఇబ్న్ బాసిల్ అరబ్బీలోకి అనువదించగా, హునైన్ సరిచూశాడు. అరబ్బీ పేరు తెలియని మొక్కలకు స్టెఫాన్ కొత్త పేర్లు కల్పించలేదు. వాటి గ్రీకు పేర్లను యథాతథంగా అరబ్బీ లిపిలో వ్రాసి, తరువాత వచ్చేవారు ఎవరైనా వాటిని గుర్తించగలరని ఆశించాడు. ఒక మొక్కకు బదులు మరొక మొక్క పేరు వ్రాస్తే ఔషధమే విషమవుతుంది. సుమారు 100 సంవత్సరాల తరువాత, 951లో, బైజాంటియం నుండి నికోలస్ అనే సన్యాసి స్పెయిన్ దేశంలోని కార్డోబాకు వచ్చాడు. అక్కడి వైద్యులు అతని సహాయంతో మిగిలిన పేర్లలో చాలావాటిని గుర్తించారు.

కంటి పొరల పేర్లు

హునైన్ స్వతంత్ర రచనలలో ముఖ్యమైనది కంటిని గురించిన పది ప్రకరణాలు అనే గ్రంథం. సుమారు 30 సంవత్సరాల కాలంలో విడివిడిగా వ్రాసిన ప్రకరణాలను హుబైష్ కోరికపై ఒకచోట చేర్చాడు. కంటి నిర్మాణం, మెదడు, చూపు, కంటి జబ్బులు, వాటి మందులు ఇందులో వివరించబడ్డాయి. దీని వ్రాతప్రతులలోని కంటి చిత్రాలు ఈ విషయంపై మనకు లభించిన అతి ప్రాచీన చిత్రాలలో చేరుతాయి. జర్మన్ నేత్రవైద్యుడు మాక్స్ మేయర్‌హాఫ్ ఈ గ్రంథాన్ని ఇంగ్లీషు అనువాదంతో సహా 1928లో కైరోలో ప్రచురించాడు.

గ్రీకు పేర్ల శబ్దాన్ని అరబ్బీ లిపిలో వ్రాసినంత మాత్రాన విద్యార్థికి వాటి అర్థం బోధపడదు. అందువలన పేరులో దాగిన పోలికను పట్టుకుని, అదే పోలికను తెలిపే అరబ్బీ మాటను వాడేవారు. గ్రీకులు కంటి లోపలి పొరను చేపల వలతో పోల్చారు. దానికి అరబ్బీలో వల అనే అర్థం గల శబక నుండి శబకియ్య అనే పేరు ఏర్పడింది. కొమ్ము వంటి పారదర్శకమైన ముందు పొరకు కర్నియ్య అని, ద్రాక్షపండు తోలు వంటి పొరకు ఇనబియ్య అని పేర్లు వచ్చాయి. తరువాత లాటిన్ అనువాదకులు కూడా ఇదే మార్గంలో నడిచి వల అనే అర్థంలో రెటీనా, కొమ్ము అనే అర్థంలో కార్నియా, ద్రాక్ష అనే అర్థంలో యువియా అనే పదాలను వాడారు. మన పాఠ్యపుస్తకాలలో నేత్రపటలం, శుక్లపటలం అని చదువుకునే రెటీనా, కార్నియాల పేర్ల వెనుక ఇంతటి ప్రయాణం ఉన్నది.

శరీర నిర్మాణం, శస్త్రచికిత్స గ్రంథాలు

శస్త్రచికిత్సకు ఆధారమైన శరీర నిర్మాణ శాస్త్రంలో గాలెన్ వ్రాసిన ముఖ్య గ్రంథం శరీర విచ్ఛేదన విధానాలు. ఇది 15 భాగాల గ్రంథం. గ్రీకు మూలంలో 9వ భాగం మధ్య వరకే మిగిలింది. తక్కినదంతా హునైన్ బృందం చేసిన అరబ్బీ అనువాదంలో మాత్రమే నిలిచింది. ముఖం, కన్ను, నాలుక, స్వరపేటిక, రక్తనాళాలు, మెదడు నుండి, వెన్నుపాము నుండి వెలువడే నరాల వివరణలు ఈ భాగంలోనివే. మాక్స్ సైమన్ దీనిని జర్మన్ అనువాదంతో 1906లో ప్రచురించాడు.

7వ శతాబ్దపు వైద్యుడు, ఎజీనా ద్వీపానికి చెందిన పాల్ రచించిన ఏడు భాగాల వైద్య సంగ్రహాన్ని కూడా హునైన్ అనువదించినట్లు ఇబ్న్ అల్-నదీమ్ పేర్కొన్నాడు. అందులో 6వ భాగం పూర్తిగా శస్త్రచికిత్సకు సంబంధించినది. కార్డోబా శస్త్రవైద్యుడు అల్-జహ్రావీ తన ప్రసిద్ధ గ్రంథంలోని శస్త్రచికిత్స ప్రకరణానికి పాల్ రచన నుండి ఎంతో గ్రహించాడు.

ఖలీఫా కొలువు, చెరసాల

ఖలీఫా అల్-ముతవక్కిల్ (పాలన 847 - 861) హునైన్‌ను ఆస్థాన వైద్యునిగా నియమించదలచి ముందుగా పరీక్షించాడు. ఒక శత్రువును రహస్యంగా చంపడానికి విషం తయారు చేయమని, గొప్ప బహుమానం ఇస్తానని ఆశ చూపాడు. మేలు చేసే మందులే తప్ప మరేవీ తాను నేర్వలేదని హునైన్ నిరాకరించాడు. ఒక సంవత్సరం చెరలో ఉంచి, చంపుతానని బెదిరించినా మాట మార్చలేదు. శత్రువుకైనా మేలు చేయమనే తన మతం, ఎవరికీ హాని చేయరాదనే తన వృత్తి అందుకు అడ్డు వచ్చాయని చెప్పాడట. అప్పుడు ఖలీఫా అది పరీక్ష మాత్రమేనని వెల్లడించి ఇతనిని సత్కరించాడు.

ఆస్థానంలో ఎదుగుదల అసూయకు కారణమయింది. ఇతని పేరుతో నిలిచిన ఆత్మకథనం ప్రకారం, తోటి క్రైస్తవ వైద్యులు పన్నిన కుట్ర వలన ఇతడు పవిత్ర చిత్రాన్ని అవమానించాడనే నేరం మోపబడి, కొరడా దెబ్బలు తిని, కొన్ని నెలలు చెరసాలలో ఉన్నాడు. ఆస్తితో పాటు పుస్తకాలన్నీ జప్తు అయ్యాయి. తరువాత ఖలీఫా జబ్బుపడి కోలుకున్న సందర్భంలో విడుదలై, తిరిగి ఉన్నత స్థానాన్ని పొందాడు.

ఊరూరా తిరిగి జీవితకాలమంతా సేకరించిన గ్రీకు ప్రతులు పోవడం ఇతనికి తీరని నష్టం. ఆ స్థితిలోనే, 856 ప్రాంతంలో, అలీ ఇబ్న్ యహ్యా అనే మిత్రుని కోరికపై, గాలెన్ రచనలు 129టిని వరుసగా పేర్కొంటూ ఒక లేఖ వ్రాశాడు. ఏ పుస్తకాన్ని ఎవరు అనువదించారు, ఎవరి కోసం, ఏ వయసులో, ఎటువంటి ప్రతి నుండి అనే వివరాలను జ్ఞాపకం నుండే తెలియజేశాడు. తన తొలినాటి అనువాదాలలోని లోపాలను కూడా మరుగుపరచలేదు. దీని ఆధారంగా హునైన్ దాదాపు 95 గ్రంథాలను సిరియాక్‌లోకి, 39 గ్రంథాలను అరబ్బీలోకి అనువదించినట్లు పండితులు లెక్కించారు. బెర్గ్‌స్ట్రాసర్ అనే జర్మన్ పండితుడు ఈ లేఖను 1925లో ప్రచురించాడు.

మరణం, ప్రభావం

హునైన్ 873లో మరణించినట్లు ఇబ్న్ అల్-నదీమ్ వ్రాయగా, 13వ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్న్ అబీ ఉసైబియా 877గా పేర్కొన్నాడు. కుమారుడు ఇస్‌హాక్ తండ్రి వలెనే గొప్ప అనువాదకుడై, అరిస్టాటిల్ గ్రంథాలను, యూక్లిడ్ రేఖాగణితాన్ని అరబ్బీలోకి తెచ్చాడు.

విద్యార్థుల కోసం హునైన్ ప్రశ్నోత్తరాల రూపంలో వ్రాసిన వైద్య ప్రశ్నలు అనే గ్రంథం లాటిన్‌లోకి మారి, ఐరోపా వైద్య విద్యాలయాలలో శతాబ్దాల పాటు తొలి పాఠ్యగ్రంథాలలో ఒకటిగా ఉన్నది. ప్రశ్నలు ఎక్కువగా అడుగుతున్నాడని పాఠశాల నుండి వెళ్ళగొట్టబడిన విద్యార్థి వ్రాసిన పుస్తకం ఇది.

ఇతడు ఎదుర్కొన్న సమస్య నేటి వైద్య రంగంలోనూ ఉన్నది. వైద్యులు మాటల్లో చెప్పిన శస్త్రచికిత్స వివరాలను విని వ్రాతలో పెట్టే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ పనిని 2000 దశకంలో హైదరాబాదు తదితర నగరాలలో ఎందరో యువతీయువకులు నేర్చుకున్నారు. వినిపించిన పదం తెలియనిదైతే నిఘంటువులలో, రోగి పాత నివేదికలలో వెదకాలని, అప్పటికీ తేలకపోతే ఊహించి వ్రాయక ఖాళీ వదిలి వైద్యుని దృష్టికి తేవాలని ఆ వృత్తిలో మొదట నేర్పుతారు. పన్నెండు వందల ఏళ్ళ క్రితం బాగ్దాదులో వ్రాతప్రతుల మధ్య కూర్చున్న హునైన్ తన పనిలో పాటించినది కూడా ఈ నియమమే.