ఫ్రాన్స్వా హ్యూబరు

ఫ్రాన్స్వా హ్యూబరు 1750లో జినీవా నగరమున జన్మించెను. యౌవనముననే ఆతని చూపు నశించెను. తన తండ్రి వలదన్నను మేరీ లులిన్ ఆతనినే వరించెను.

సేవకుడు బర్నెన్సు చూచి చెప్పుచుండ, హ్యూబరు ప్రశ్నించుచు తేనెటీగలను పరిశోధించెను. పుస్తకపు పుటలవలె విప్పదగు పెట్టెను కల్పించెను. ఒకమారు ఈగలను ఒక్కొక్కదానినే పట్టి పరీక్షించుటకు బర్నెన్సునకు 11 దినములు పట్టెను. ఎంత ఓర్పు!

ఈగలు గుంపుగా వెలువడినంతనే పట్టు విడిచినవనుకొనరాదు; చూపున్నవారే ఇచట పొరబడుదురు. లేత ఈగలు ద్వారమువైపు మొగమై కొంతసేపు ఎగిరి, ఇంటి గుఱుతులు నేర్చి లోనికేగును. నిజమైన వలసలో వేలకొలది ఈగలు వరదవలె వెడలి, త్రిపురారమునందైనను జినీవాయందైనను, కొమ్మకు గుత్తిగా వ్రేలాడును. మొదటి గుంపుతో ముసలిరాణియే పోవునని హ్యూబరు నిరూపించెను.

1792లో ఆతని గ్రంథము వెలువడెను. బర్నెన్సు వెడలిన పిదప భార్యయు, కుమారుడు పియరును ఆతనికి కన్నులైరి. 1831లో హ్యూబరు మరణించెను.