మూసా రహీం సమాధి చెప్పే పాఠం: మనిషికి మాత్రమే ధర్మం ఎందుకు?

మియాపూర్ నుండి ఎల్.బి.నగర్ వచ్చే మెట్రో రైలు మలక్‌పేట, న్యూ మార్కెట్ దాటిన తరువాత మూసారాంబాగ్‌లో ఆగుతుంది. దాని తరువాతి స్టేషన్ దిల్‌సుఖ్‌నగర్. 2018 సెప్టెంబరులో ఈ దారిలో మెట్రో మొదలైనప్పటి నుండి ఆ పేరు రోజూ వేలాది మంది చెవిన పడుతోంది. కాని ఆ మూసా ఎవరని అడిగితే చెప్పగలిగిన వారు తక్కువ. మూసా అనగానే మనకు హజ్రత్ మూసా (అలైహిస్సలాం) గుర్తుకు వస్తారు. ఈ పేరుకు ఆ ప్రవక్తతో ఏ సంబంధమూ లేదు. ఇది రెండు వందల ఏళ్ల క్రితం చనిపోయిన ఒక ఫ్రెంచి సైనికాధికారి పేరు. జనం నాలుక మీద అరిగి అరిగి ఇలా మారింది.

దిల్‌సుఖ్‌నగర్ అంటే కోచింగ్ సెంటర్లకు, హాస్టళ్లకు పేరు. అక్కడ జీవశాస్త్రం చదివే మన పిల్లలు ఇంటికి వచ్చి ఒక ప్రశ్న అడుగుతుంటారు. మనిషి కూడా జంతుజాతిలో వాడే అని పుస్తకంలో ఉంది కదా, మరి ఏ జంతువుకూ లేని మతం మనిషికి మాత్రమే ఎందుకు? ఈ ప్రశ్న విని కొందరు తల్లిదండ్రులు పిల్లలను కసురుకుంటారు. అలా చేయరాదు. అడిగినది మంచి ప్రశ్న. దానికి జవాబు వెతకడానికి దూరం పోనక్కర లేదు. మూసారాంబాగ్ పక్కనే గుట్ట మీదున్న ఆ ఫ్రెంచి అధికారి సమాధి మనకు చాలా చెబుతుంది. ముందు ఆయన జీవితం తెలుసుకుందాం.

ఆయన పేరు మిషెల్ జోవాకిం మారీ రేమాండ్. 1755లో ఫ్రాన్స్ దేశంలోని గాస్కనీ ప్రాంతంలో పుట్టాడు. ఇరవై ఏళ్ల వయసులో, 1775లో, వ్యాపారం చేసుకుందామని ఓడ ఎక్కి పుదుచ్చేరి చేరాడు. కాని ఆ కాలపు దక్కన్‌లో సరుకు కన్నా కత్తికే గిరాకీ ఎక్కువ. మైసూరు పాలకుడు హైదర్ అలీ దగ్గర, మరికొంతకాలం ఫ్రెంచి సేనాని బుస్సీ దగ్గర పనిచేశాడు. 1785లో బుస్సీ మరణించాడు. ఆ మరుసటి సంవత్సరం రేమాండ్ హైదరాబాదు వచ్చి, రెండవ ఆసఫ్ జాహ్ నిజాం అలీ ఖాన్ కొలువులో చేరాడు.

వచ్చినప్పుడు ఆయన చేతి కింద ఉన్నది కొద్దిమంది సైనికులే. వారికి ఐరోపా పద్ధతిలో కవాతు నేర్పాడు, తుపాకీ పట్టడం నేర్పాడు. ఫిరంగులు ఇక్కడే పోత పోయించాడు. ఆ ఫిరంగుల కార్ఖానా పేరు మీదనే నేటి గన్‌ఫౌండ్రీ ఉంది. పాతబస్తీ పెద్దలు దానిని తోప్ కా సాంచా అంటారు. కొన్నేళ్లలో ఆయన సేన సుమారు 14,000 మందికి పెరిగింది. నిజాం ఆయనకు అజ్దర్ జంగ్ మొదలైన బిరుదులిచ్చి గౌరవించాడు.

1795 మార్చిలో ఖర్దా వద్ద మరాఠాలతో యుద్ధం జరిగింది. అందులో నిజాం ఓడిపోయాడు. తమ స్నేహితులమని చెప్పుకున్న ఇంగ్లీషు వారు ఆ యుద్ధంలో సాయానికి రాలేదు. నిజాం మనసు విరిగి వారి పటాలాలను పంపివేసి, రేమాండ్ సేనను ఇంకా పెంచాడు. అదే సంవత్సరం నిజాం సొంత కొడుకు ఆలీజా తిరుగుబాటు చేశాడు. ఆ తిరుగుబాటును అణచివేసినవాడు రేమాండే. కన్న కొడుకు ఎదురు తిరిగిన వేళ పరదేశి పక్కన నిలిచాడు. ఇక ఆ తరువాత దర్బారులో ఆయన మాటకు ఎంత విలువ పెరిగిందో చెప్పనక్కర లేదు.

కాని ఏ పదవికైనా గడువు ఉంటుంది. 1798 మార్చిలో, నలభై రెండేళ్ల వయసులో రేమాండ్ హఠాత్తుగా మరణించాడు. విషప్రయోగం జరిగిందని పుకార్లు పుట్టాయి. నిజం అల్లాహ్‌కే తెలుసు. ఆ సంవత్సరం సెప్టెంబరు 1న నిజాం ఇంగ్లీషు వారితో ఒప్పందం చేసుకున్నాడు. అక్టోబరు 22న వారి సేనలు ఫ్రెంచి శిబిరాన్ని చుట్టుముట్టి ఆయుధాలు దింపించాయి. పన్నెండేళ్లు కష్టపడి పెంచిన సేన, యజమాని పోయిన ఏడు నెలలకే, పోరాటం లేకుండానే చెదిరిపోయింది. ప్రపంచ వైభవం ఎంతటి నీడో దీనిని బట్టి తెలుసుకోవచ్చు.

సేన పోయింది, సమాధి మిగిలింది. ఆస్మాన్ గఢ్ సమీపంలోని గుట్ట మీద సుమారు 7 మీటర్ల ఎత్తున ఒక రాతి స్తంభం, దాని పక్కన స్తంభాల మంటపం నిర్మించారు. అక్కడి నుండే అసలు కథ మొదలవుతుంది. రేమాండ్ తన సైనికులను ఆదరించినవాడని, పేదల పట్ల దయ గలవాడని పేరు. ఆ ప్రేమతో జనం ఆయనను తమవాడిని చేసుకున్నారు. ఫ్రెంచిలో గౌరవంగా మొస్యూ రేమాండ్ అనే పిలుపు హిందువుల నోట మూసా రాం అయింది, ముస్లింల నోట మూసా రహీం అయింది. ఆయన మరణించిన రోజున ఏటా ఆ గుట్ట మీద జనం చేరేవారు. ఉర్సు వంటి వేడుక చాలాకాలం పాటు సాగింది. ఫిరంగులు పోయించిన ఒక సైనికుడు, తానెన్నడూ కోరని విధంగా, ఇంచుమించు ఒక వలీ అయిపోయాడు.

ఇప్పుడు మన పిల్లల ప్రశ్నకు వద్దాం. రేమాండ్ వద్ద గుర్రాలు ఉన్నాయి, ఫిరంగులు లాగిన ఎద్దులు ఉన్నాయి. ఆయన పెట్టిన మేతే అవి తిన్నాయి. ఆయన పోయాక వాటిలో ఒక్కటీ ఆ గుట్టకు రాలేదు. మనుషులు వచ్చారు. ఆయనను చూడనివారు, ఆయన జీతం తిననివారు, వారి పిల్లలు కూడా వచ్చారు. ఎందుకు? జంతువులకు దుఃఖం లేదని కాదు. ఏనుగులు తమ జాతి ఎముకల వద్ద ఆగి తొండంతో తడుముతాయని పరిశీలకులు చూశారు. కాని చనిపోయినవాడు ఎక్కడికి వెళ్లాడు, అతనికి నేను ఋణపడి ఉన్నానా, రేపు నా గతి ఏమిటి అని ఏటా ఒక రోజు పెట్టుకుని తలచుకునేది మనిషి ఒక్కడే. తెలంగాణ పల్లెల్లో రాకాసి గుళ్లు అని పిలిచే వేల ఏళ్ల నాటి రాతి సమాధులను తవ్వితే, మృతుల పక్కన కుండలు, ఇనుప పనిముట్లు కనబడతాయి. మరణంతో అంతా అయిపోదన్న భావన ఆనాటి మనిషిలోనూ ఉందని అవి సూచిస్తున్నాయి.

దివ్య ఖుర్ఆన్ మాయిదా సూరాలో హజ్రత్ ఆదం (అలైహిస్సలాం) ఇద్దరు కుమారుల వృత్తాంతం ఉంది. తమ్ముణ్ణి చంపిన అన్నకు శవాన్ని ఏమి చేయాలో తెలియలేదు. అల్లాహ్ ఒక కాకిని పంపాడు. అది నేలను తవ్వి దారి చూపింది. గమనించండి, మనిషి పాతిపెట్టడాన్ని ఒక పక్షిని చూసి నేర్చుకున్నాడు. ఆ పనిలో కాకి గురువు, మనిషి శిష్యుడు. కాని ఆ తరువాత పశ్చాత్తాపంతో కుమిలిపోయినది మాత్రం మనిషి. తాను చేసినది తప్పని ఎరగడం, దానికి జవాబు చెప్పాలన్న భయం కలగడం, అక్కడే మనిషి దారి వేరవుతోంది.

అలాగని జంతువులకు అల్లాహ్‌తో సంబంధమే లేదని అనుకోరాదు. నూర్ సూరా ప్రకారం, రెక్కలు చాచి ఎగిరే పక్షులతో సహా ప్రతిదానికీ తన నమాజు, తన తస్బీహ్ తెలుసు. నహ్ల్ సూరా ప్రకారం తేనెటీగకు గూడు కట్టే విధానం ప్రభువే తెలిపాడు. అవి చేసే ఆరాధనలో తప్పిపోవడం ఉండదు, ఎందుకంటే తప్పిపోయే స్వేచ్ఛ వాటికి లేదు. అహ్జాబ్ సూరాలో అమానత్ ప్రస్తావన వస్తుంది. భూమ్యాకాశాలు, పర్వతాలు మోయలేమని వెనుకంజ వేసిన ఆ బాధ్యతను మనిషి ఎత్తుకున్నాడు. మంచిని ఎన్నుకోవచ్చు, చెడును ఎన్నుకోవచ్చు, రేపు లెక్క చెప్పాలి. ఎన్నుకునే శక్తి ఉన్నవాడికే మార్గదర్శనం కావాలి. రైలుకు పట్టాలు ఉంటాయి, దానికి దారి చెప్పేవారు అక్కర లేదు. నాలుగు రోడ్ల కూడలిలో నిలబడిన బాటసారికి దారి చెప్పేవారు కావాలి. ప్రవక్తలు, గ్రంథాలు, షరీఅత్ మనిషికే రావడానికి కారణం ఇదే.

ఇక రెండో సంగతి. ప్రతి శిశువూ ఫిత్రత్ మీద, అంటే సృష్టికర్తను గుర్తించే సహజ స్వభావం మీద పుడుతుందని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. ఆకలి ఉన్నవాడు అన్నం దొరక్కపోతే మట్టి అయినా తింటాడు. మట్టి తిన్నాడు కాబట్టి ఆకలి అబద్ధమని ఎవరూ అనరు. మనిషి అడ్డమైన చోట తల వంచుతున్నాడు కాబట్టి ధర్మమే అబద్ధం అనడం కూడా అలాంటిదే. మూసా రహీం గుట్ట ఎక్కిన జనంలో ఉన్నది కృతజ్ఞత. కృతజ్ఞత మంచి గుణం. అయితే అది జీతం ఇచ్చిన చేతి దగ్గర ఆగిపోకూడదు. ఆ చేతికి, ఆ జీతానికి, ఆ దయకు అసలు యజమాని ఎవరో అక్కడి దాకా సాగాలి. దారి మధ్యలో ఆగిపోయిన కృతజ్ఞతే చాలాసార్లు షిర్క్‌కు తలుపు తెరుస్తుంది.

ఇది కొత్త ప్రమాదం కాదు. హజ్రత్ నూహ్ (అలైహిస్సలాం) జాతివారు పూజించిన వద్, సువా, యగూస్, యఊఖ్, నస్ర్ అనేవి పుణ్యాత్ముల పేర్లని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజియల్లాహు అన్హు) తెలియజేశారు. మొదట వారి జ్ఞాపకార్థం ప్రతిమలు నిలిపారు. ఆ తరం పోయింది, జ్ఞానం అడుగంటింది, జ్ఞాపకం ఆరాధనగా మారింది. నమ్ల్ సూరాలో హుద్‌హుద్ పిట్ట సబా జాతి సూర్యుడికి సాష్టాంగపడడం చూసి వచ్చి, హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) ముందు ఆశ్చర్యపోతూ విన్నవించింది. ఒక పిట్టకు వింతగా తోచిన పని మనిషికి వింతగా తోచకపోతే, అది మనం సిగ్గుపడవలసిన విషయం.

ప్రియ పాఠకులారా! మేము రేమాండ్‌ను నిందించడానికి ఇది రాయలేదు. జనం తన సమాధితో ఏమి చేశారన్నది ఆయన చేతిలో లేదు. ఆ జనాన్ని ఎగతాళి చేయడానికీ రాయలేదు. మన ఇళ్లలోనే ఎంతమంది దర్గాలకు వెళ్లి, అల్లాహ్‌ను అడగవలసినవి సమాధిలో ఉన్నవారిని అడుగుతున్నారో ఆలోచించండి. సమాధులను దర్శించడానికి మన ధర్మం అనుమతించింది, పరలోకం గుర్తుకు రావడానికి, గతించిన విశ్వాసుల కోసం దుఆ చేయడానికి. వారి కోసం అడగాలి, వారిని అడగరాదు. ఈ రెండు మాటల మధ్య తేడాను పిల్లలకు చిన్నప్పుడే నేర్పడం తల్లిదండ్రుల బాధ్యత.

రేమాండ్ సమాధి పక్కనున్న మంటపం 2001లో కూలిపోయింది, తరువాత తిరిగి కట్టారు. రాయికి కూడా కాపలా కావాలి, మరమ్మతు కావాలి. కాపలా అక్కర లేనివాడు, నిద్ర గాని కునుకు గాని లేనివాడు ఒక్కడే. మీ పిల్లలు ఆ ప్రశ్న అడిగితే కసురుకోకుండా మూసారాంబాగ్ అన్న పేరు వెనకున్న కథ చెప్పండి. మనిషి తల ఎక్కడో ఒకచోట వంగక మానదని, అది ఎక్కడ వంగాలో తెలపడానికే ధర్మం వచ్చిందని వివరించండి. అల్లాహ్ మనందరినీ, మన సంతానాన్నీ తౌహీద్ మీద స్థిరంగా ఉంచుగాక! ఆమీన్.