అల్లూరి సీతారామరాజు: రికార్డులో సంతకం పెట్టి మరీ తుపాకులు తీసుకెళ్లిన మన్యం వీరుడు.. ఆయన వెంట నడిచిన వాళ్ల సంగతేంటి?

పెదబయలు (అల్లూరి సీతారామరాజు జిల్లా): మండల ఆఫీసు బోర్డు మీద ఆ పేరే. బడి పిల్లల సర్టిఫికెట్ల మీద ఆ పేరే. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పటి నుంచి పెదబయలులో ఏ కాగితం రాసినా అందులో అల్లూరి సీతారామరాజు పేరు రాయాల్సిందే. సరిగ్గా వందేళ్ల కింద అదే పేరు ప్రభుత్వ ఫైళ్లలో వేరేలా ఉండేది. అప్పట్లో మద్రాసు ప్రభుత్వానికి ఆయన పట్టుకోవాల్సిన మనిషి. తల మీద 10 వేల రూపాయల బహుమతి ఉన్న మనిషి.

ఆ పోరాటాన్ని బ్రిటిష్ అధికారులు తమ రికార్డుల్లో పితూరీ అని రాసుకున్నారు. తిరుగుబాటు అని దాని అర్థం. ఇప్పుడు మనం పితూరీ అంటే ఎవరి మీదైనా చాడీ చెప్పడం అనుకుంటాం. నిజానికి మన్యం పోరాటం మొదలైంది కూడా ఫిర్యాదులతోనే. వాటిని ఎవరూ వినకపోవడంతోనే అది తుపాకుల దాకా వెళ్లింది.

ఫొటోగ్రాఫర్ కొడుకు

రాజు 1897 జూలై 4న విశాఖ జిల్లా పాండ్రంగిలో, అమ్మమ్మ గారింట్లో పుట్టారు. సొంతూరు భీమవరం దగ్గర మోగల్లు. తల్లి సూర్యనారాయణమ్మ. తండ్రి వెంకటరామరాజు ఫొటోగ్రాఫర్, రాజమండ్రిలో ఉండేవారు. కొడుక్కి పెట్టిన పేరు శ్రీరామరాజు. సీతారామరాజు అన్న పేరు తర్వాత వచ్చింది.

చిన్న వయసులోనే తండ్రి పోయారు. కుటుంబం చెల్లాచెదురైంది. చదువు కూడా ఒకచోట కుదరలేదు. కాకినాడలో కొన్నాళ్లు చదివారు. తర్వాత స్వాతంత్ర్య సమరయోధుడిగా పేరు తెచ్చుకున్న మద్దూరి అన్నపూర్ణయ్య అక్కడ ఆయన సహాధ్యాయి. నరసాపురం టేలర్ హైస్కూల్‌లో కొన్నాళ్లు, తునిలో కొన్నాళ్లు చదివారు. చివరికి చదువు మధ్యలోనే ఆగిపోయింది. వందేమాతరం ఉద్యమం వేడి ఇంకా చల్లారని రోజులవి. క్లాసు పుస్తకాల కన్నా ఆ గాలే ఆయనకు ఎక్కువ ఒంటబట్టింది.

తర్వాత ఉత్తర భారత యాత్రకు వెళ్లారు. తిరిగొచ్చి 1917లో మన్యం అంచున ఉన్న కృష్ణదేవిపేట చేరారు. అక్కడి జనానికి ఆయన మొదట సన్యాసిగానే తెలుసు. జబ్బు చేస్తే మందులిచ్చేవారు, జ్యోతిషం చెప్పేవారు. సహాయ నిరాకరణ ఉద్యమం వచ్చాక ఖద్దరు కట్టారు. కల్లు, సారా మానేయమన్నారు. కోర్టుల చుట్టూ తిరగొద్దు, తగాదాలు ఊరి పంచాయతీలోనే తేల్చుకోండి అని చెప్పారు. అధికారులకు అనుమానం మొదలైంది అక్కడే. నిఘా పెట్టారు. కొంతకాలం ఆయన్ను కొండలకు దూరంగా కూడా ఉంచారు.

అసలు కొండ మీద ఏం జరిగింది?

కొండవాలులో పొదలు కొట్టి, కాల్చి, ఆ బూడిదలో చోడి, సామ చల్లుకోవడమే పోడు. కొన్నేళ్లు పండించాక ఆ నేలను వదిలి ఇంకో చోటికి వెళ్తారు. తరతరాలుగా కొండ మీద బతుకు అదే. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవి సర్కారుది అయిపోయింది. పోడు కొడితే కేసు. కట్టెలు, అడవి సరుకుల మీద ఆంక్షలు. దానికి ముందే 1879లో రంప ప్రాంతం ఒకసారి తిరగబడింది. ఆ దెబ్బ గుర్తున్నా అధికారుల తీరు మారలేదు.

ఈసారి నిప్పు అంటుకున్నది రోడ్డు పని దగ్గర. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఘాట్ రోడ్డు వేయిస్తున్నారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండ జనంతో ఆ పని చేయించాడు. చేతికిచ్చే కూలి చాలా తక్కువ. ఎదురు చెబితే దెబ్బలు. బట్టిపనుకుల మునసబుగా ఉన్న గాం గంటందొరకూ ఆ అధికారితో తగాదా వచ్చింది, పదవి పోయింది. గంటందొర, ఆయన తమ్ముడు మల్లుదొర పై అధికారులకు మొరపెట్టుకున్నారు. పని జరగలేదు. వాళ్లే తర్వాత రాజుకు కుడిచెయ్యి, ఎడమచెయ్యి అయ్యారు.

మూడు రోజులు.. మూడు స్టేషన్లు

1922 ఆగస్టు 22. సుమారు 300 మందితో రాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డారు. మర్నాడు కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి, అక్కడ నిర్బంధంలో ఉన్న వీరయ్యదొరను కూడా విడిపించారు. మూడు రోజుల్లో 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు వాళ్ల చేతికి వచ్చాయి.

అయితే దొంగలెవరూ చేయని పని ఒకటి రాజు చేశారు. ఏమేం తీసుకెళ్తున్నారో లెక్క రాసి, కింద సంతకం పెట్టి మరీ వెళ్లారు. దోపిడీ కేసు రాయబోయే పోలీసులకు, ఇది దోపిడీ కాదు యుద్ధం అని కాగితం మీదే చెప్పినట్టు. ఎవరి రికార్డులో అయితే తన మీద కేసు నడుస్తుందో, అందులోనే తన మాటా ఉండేలా చూసుకున్నారు.

తర్వాత కొన్ని దాడులకు ముందే కబురు పంపారు. అక్టోబర్ 15న అడ్డతీగల స్టేషన్‌కి అలా చెప్పే వచ్చారు. బాణానికి మిరపకాయ కట్టి పంపే మిరపకాయ టపా గురించి మన్యంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంకో నియమం కూడా ఉండేది: భారతీయ సిపాయిల మీద వీలైనంత వరకు కాల్చకూడదు. సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో మాటు వేసినప్పుడు ముందు నడిచిన మన సిపాయిల్ని పోనిచ్చారు. వెనక వస్తున్న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు.

కష్టాలు మొదలు

దామనపల్లి తర్వాత ప్రభుత్వం ఊరుకోలేదు. మలబార్ స్పెషల్ పోలీసులను దించింది. డిసెంబర్ 6న పెదగడ్డపాలెం దగ్గర జరిగిన కాల్పుల్లో రాజు దళం తన వాళ్లను, కొన్ని తుపాకులను పోగొట్టుకుంది. తర్వాత కొండల్లో తిరగడం అలవాటున్న అస్సాం రైఫిల్స్ కూడా వచ్చారు. 1923 ఏప్రిల్ 17న రాజు అన్నవరంలో కనిపించి, కొండెక్కి సత్యదేవుడి దర్శనం చేసుకుని వెళ్లారు. జనం ఆదరించారు. ఆ తర్వాత ఆయనకు సాయం చేశారన్న నెపంతో అక్కడి వాళ్లు ఇబ్బందులు పడ్డారు. అదే ఏడాది మల్లుదొర దొరికిపోయారు.

1924 ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డ్ ప్రత్యేక కమిషనర్‌గా వచ్చారు. దళానికి తిండి అందకుండా ఊళ్ల మీద కాపలా పెరిగింది. అన్నం పెట్టారని అనుమానం వస్తే చాలు, ఆ ఊరికి శిక్షే. మే 6న రాజు ముఖ్య అనుచరుడు అగ్గిరాజు పట్టుబడ్డారు. మే 7న మంప దగ్గర రాజు దొరికారు. అదే రోజు కొయ్యూరులో మేజర్ గుడాల్ సమక్షంలో కాల్చి చంపారు. కోర్టు లేదు, విచారణ లేదు. అప్పటికి ఆయనకు 27 ఏళ్లు కూడా నిండలేదు.

ఇక్కడే రికార్డు ఒక మాట చెబుతుంది, మన్యం ఇంకో మాట చెబుతుంది. పారిపోబోతే కాల్చామన్నది ప్రభుత్వ వివరణ. చెట్టుకు కట్టేసి కాల్చారన్నది జనం మాట. తన వల్ల ఊళ్లు బాధపడుతుంటే చూడలేక ఆయనే బయటికొచ్చారని కూడా చెబుతారు. మృతదేహాన్ని మంచానికి కట్టి కృష్ణదేవిపేట తీసుకెళ్లారు. ఫొటో తీశారు. దహనం చేశారు. సమాధి ఇప్పటికీ అక్కడే ఉంది. ఫొటోగ్రాఫర్ కొడుకు ఫొటో అలా ప్రభుత్వ ఫైలుకు ఎక్కింది. సరిగ్గా నెల తర్వాత, జూన్ 7న గంటందొర కూడా కాల్పుల్లో చనిపోయారు.

సంతకం పెట్టని వాళ్లు

రాజు చదువుకున్న మనిషి. ఏం తీసుకెళ్లారో రాసిపెట్టగలిగారు, సంతకం పెట్టగలిగారు. ఆయన వెంట నడిచిన కొండ జనంలో చాలామందికి అక్షరం రాదు. ఫైళ్లలో వాళ్లు ముద్దాయిలుగా కనిపిస్తారు, ఖైదీలుగా కనిపిస్తారు, లేదంటే చనిపోయిన వాళ్ల లెక్కలో ఒక అంకెగా కనిపిస్తారు. వాళ్ల గురించి రాసిన ప్రతి మాటా వాళ్లను పట్టుకున్న వాళ్లు రాసిందే. రాత్రిపూట దళానికి గంజి కాచి పెట్టిన ఆడవాళ్ల పేర్లు అందులో ఎన్ని ఉంటాయి?

ఒక్క మల్లుదొర మాత్రం ఆ గీత దాటారు. శిక్ష పడి అండమాన్ వెళ్లిన ఆయన బతికి తిరిగొచ్చారు. 1952లో, దేశంలో మొదటి సాధారణ ఎన్నికల్లో, ఇద్దరు సభ్యులుండే విశాఖపట్నం స్థానం నుంచి ఇండిపెండెంట్‌గా లోక్‌సభకు గెలిచారు. ఒకప్పుడు ఖైదీల లిస్టులో ఉన్న పేరు పార్లమెంటు సభ్యుల లిస్టులోకి వచ్చింది.

రాజుకు 1986లో తపాలా బిళ్ల వచ్చింది. 125వ జయంతికి, 2022 జూలై 4న భీమవరంలో ప్రధాని మోదీ 30 అడుగుల కంచు విగ్రహం ఆవిష్కరించారు. పోడు సంగతి మాత్రం అంత తొందరగా తేలలేదు. చింతపల్లి స్టేషన్ మీద దాడి జరిగిన 84 ఏళ్లకు, 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి అడవి భూమి సాగు చేసుకుంటున్న గిరిజనులు హక్కు పత్రం అడగొచ్చని అది చెబుతోంది.

ఆ చట్టం కింద చేసిన నిబంధనల్లో ఒకటి పెదబయలు లాంటి చోట బాగా పనికొచ్చేది. సాగులో ఉన్నామని చూపించడానికి సర్కారు కాగితమే ఉండాలని లేదు. ఊరి పెద్దలు చెప్పిన మాటను రాసుకుని, దాన్ని కూడా సాక్ష్యంగా తీసుకోవచ్చు. వందేళ్ల కింద కొండ మీద ముసలివాళ్లు ఈ నేల మాది అంటే రాసుకునే వాళ్లు లేరు. ఇప్పుడు గ్రామసభలో అదే మాట చెబితే, జిల్లా పేరు దగ్గర అల్లూరి సీతారామరాజు అని రాసి ఉన్న కాగితం మీద అది రికార్డు అవుతుంది.