ఒక్కరే వద్దన్నారు

సోషల్‌లో మనం రెండు ప్రపంచ యుద్ధాల పాఠం చదువుకున్నాం కదా. ఆ రెండు యుద్ధాలూ వద్దని సభలో చెప్పిన ఒకావిడ గురించి ఈసారి రాస్తున్నాను.

జీనెట్ రాంకిన్ గారు 1880లో అమెరికాలోని మోంటానాలో పుట్టారు. వాళ్ళకు పొలం, పశువులు ఉండేవి. ఇంట్లో ఈమే పెద్దపిల్ల. తమ్ముణ్ణీ చెల్లెళ్ళనీ చూసుకుంటూ 1902లో డిగ్రీ చదువు ముగించారు. అప్పుడు అక్కడ ఆడవాళ్ళకు ఓటు లేదు. ఈమె ఊరూరా తిరిగి మాట్లాడారు. 1914లో మోంటానా ఆడవాళ్ళకు ఓటు వచ్చింది. 1916లో ఈమె గెలిచి, అమెరికా చట్టసభకు వెళ్ళిన మొదటి మహిళ అయ్యారు.

సభలో చేరి నాలుగు రోజులే అయింది. 1917 ఏప్రిల్ 6న జర్మనీ మీద యుద్ధానికి ఓట్లు అడిగారు. యుద్ధానికే ఓటెయ్యమని తమ్ముడు చెప్పాడు. మొదటిసారి పేరు పిలిస్తే ఆమె పలకలేదు. రెండోసారి లేచి, దేశం పక్కన నిలబడాలని ఉంది గానీ యుద్ధానికి ఓటు వెయ్యలేనని చెప్పారు. 373 మంది యుద్ధం కావాలన్నారు, 50 మంది వద్దన్నారు. తిట్లు మాత్రం ఈమెకే ఎక్కువ పడ్డాయి. 1918లో సెనేట్‌కు పోటీచేసి ఓడిపోయారు.

1940లో మళ్ళీ గెలిచారు. 1941 డిసెంబరు 7న జపాన్ పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేసింది. 2,400 మందికి పైగా చనిపోయారు. మర్నాడు సభలో మాట్లాడతానని ఈమె లేస్తే స్పీకర్ ఒప్పుకోలేదు. ఆడదాన్ని, నేను యుద్ధానికి వెళ్ళలేను కాబట్టి ఇంకొకర్ని పంపను అనేదే ఈమె మాట. 388 మంది యుద్ధం అన్నారు. వద్దన్నది ఈమె ఒక్కరే. బయట జనం మీదికి వస్తే టెలిఫోన్ గదిలో దాక్కున్నారు. పోలీసులు వచ్చి తీసుకుపోయారు.

తర్వాత గాంధీ గారి దారి తెలుసుకోవడానికి మన దేశం చాలాసార్లు వచ్చారు. 1968లో 87 ఏళ్ళ వయసులో వియత్నాం యుద్ధం ఆపమని వేలమంది ఆడవాళ్ళతో వాషింగ్టన్‌లో నడిచారు. 1973లో చనిపోయారు.

ముందు కొట్టింది జపానే కదా, ఈమెది తప్పు కదా అని నా పెట్టె పక్క పెట్టె నేస్తం అడిగింది. అది మంచి ప్రశ్నే. కానీ అంతమందిలో ఒక్కరైనా వద్దనకపోతే, చావబోయే పిల్లల సంగతి ఎవరు గుర్తుచేస్తారు?

క్లాసులో అర్థమైందా అంటే అందరం అయిందంటాం. నేనూ అంటాను. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదట, ఇంటికెళ్ళి అడగడానికి ఎవరూ లేరు. ఇకమీద అర్థం కాకపోతే, నేనొక్కదాన్నే అయినా లేచి కాలేదని చెబుతాను.

– 9వ తరగతి విద్యార్థిని