కండరాల శక్తిని కనుగొన్న యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళారు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి, కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని 1929లో కనుగొన్నారు. మన గుండె కొట్టుకునేది దాని బలంతోనే. ఆయన 1948లో, 53 ఏళ్ళకే, గుండెపోటుతో కన్నుమూశారు.

అన్ని గుండె జబ్బులూ వంశపారంపర్యం కావు, కొన్ని మాత్రం అవుతాయి. గుండె కండరాన్ని దెబ్బతీసే ఒక జన్యులోపం మనదేశంలో నూటికి సుమారు నలుగురిలో ఉందని 2009లో హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు తేల్చారు. ఇలాంటి లోపాలను నేడు రక్తపరీక్షతో ముందే తెలుసుకోవచ్చు.

బదిలీలపై తఖత్‌పూర్ చేరిన మనం తాతయ్యలకు, అమ్మమ్మలకు దూరంగా ఉంటాం. సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెజబ్బు వచ్చిందేమో అడుగుదాం. వచ్చి ఉంటే డాక్టరు గారికి చెబుదాం.