అన్నే సుల్లివాన్: హెలెన్ కెల్లర్‌కు మాట కంటే ముందు రోజును నేర్పిన టీచరమ్మ

విజయవాడ: పొద్దున్నే కుక్కర్ విజిల్ వేస్తే టిఫిన్ రెడీ అవుతోందని బెజవాడలో ఏ పిల్లాడికైనా తెలిసిపోతుంది. కిటికీలోంచి ఎండ పడితే స్కూల్ టైమ్ దగ్గర పడిందని అర్థం. మరి ఆ విజిల్ వినపడని, ఆ ఎండ కూడా కనపడని పిల్లలకు? ఎవరో ఎత్తుకుంటారు, నోట్లో ఏదో పెడతారు, ఒంటిమీద నీళ్లు పోస్తారు. తర్వాత ఏం జరుగుతుందో తెలియదు. అందుకే ఇలాంటి పిల్లలకు ముందు రోజూ ఒకే వరుస కావాలి. చేతికి చెంచా తగిలితే అన్నం, టవల్ తగిలితే స్నానం.

ఈ పనిని 1887లోనే ఓ 20 ఏళ్ల యువతి చేసి చూపించారు. ఆమే అన్నే సుల్లివాన్. అమితాబ్ 'బ్లాక్' సినిమా చూసినవాళ్లకు ఈ కథ కొంత తెలిసే ఉంటుంది.

అన్నే 1866 ఏప్రిల్ 14న అమెరికాలోని మసాచుసెట్స్‌లో పేద ఇంట్లో పుట్టారు. చిన్నప్పుడే ట్రకోమా వచ్చి చూపు బాగా దెబ్బతింది. తల్లి చనిపోయింది, తండ్రి వదిలేశాడు. పేదల శరణాలయంలో చేరిన కొన్ని నెలలకే తమ్ముడు జిమ్మీ కూడా పోయాడు. 14 ఏళ్లకు బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల స్కూల్లో చేరారు. అక్కడే ఉన్న లారా బ్రిడ్జ్‌మన్‌కు చూపూ లేదు, వినికిడీ లేదు. ఆమెతో మాట్లాడటం కోసం అరచేతిలో వేళ్లతో అక్షరాలు చెప్పడం నేర్చుకున్నారు.

1887 మార్చి 3న అలబామాలోని టస్కంబియా ఊళ్లో హెలెన్ ఇంటికి వచ్చారు. 19 నెలల వయసులో జబ్బు చేసి చూపు, వినికిడి పోగొట్టుకున్న హెలెన్‌కు అప్పటికి ఆరేళ్లు దాటాయి. అందరి ప్లేట్లలో చెయ్యి పెట్టి తినేది. పాపం అని ఎవరూ వద్దనేవారు కాదు. అన్నే వద్దన్నారు. అంతే, పెద్ద యుద్ధం! టీచరమ్మ పన్ను కూడా ఊడింది. ఇంట్లోవాళ్ల మధ్య ఇది కుదరదని, పాపను తీసుకుని దగ్గర్లోని చిన్న ఇంట్లో రెండు వారాలు ఉన్నారు.

తిరిగి వచ్చాక రోజంతా ఒక లెక్కలో పడింది. టిఫిన్ అయ్యాక బయటికెళ్లి మట్టి తవ్వడం. ఓ రోజు హెలెన్ తన బొమ్మను పాతిపెట్టి, అది టీచరంత పొడుగు పెరుగుతుందని సైగ చేసింది. 10 గంటలకు పూసలు గుచ్చడం. తర్వాత కుట్టడమా, అల్లడమా అన్నది పాప ఇష్టం. 11కి వ్యాయామం. 12 నుంచి 1 వరకు కొత్త మాటలు. భోజనం తర్వాత టీచర్‌కు రెస్ట్, పాపకు ఆట. రాత్రి 8కి పడక. మాటలు మాత్రం ఆ ఒక్క గంటకే పరిమితం కాలేదు. ఏ పని చేస్తున్నా దాని పేరు హెలెన్ అరచేతిలో పడుతూనే ఉండేది, అర్థం తెలియకపోయినా.

ఏప్రిల్ 5న చేతిపంపు దగ్గర నీళ్లు చేతిమీద పడుతుండగా హెలెన్‌కు వెలిగింది. ప్రతి వస్తువుకూ పేరుంటుందని! కొన్ని గంటల్లోనే 30 దాకా మాటలు నేర్చేసింది.

సినిమాలు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతాయి. అసలు ట్విస్ట్ ఐదు రోజుల తర్వాత ఉంది. గంట కొట్టినట్టు పాఠాలు చెప్పడం అన్నే మానేశారు. కారణం హెలెన్ బంధువుల పాప. 15 నెలల ఆ పిల్లకు ఎవరూ క్లాసు పెట్టలేదు, అయినా పెద్దవాళ్లు చెప్పేది అర్థమవుతోంది. అప్పటినుంచి హెలెన్ చేతిలోనూ పూర్తి వాక్యాలే. తిండి, నడక, ఆట, నిద్ర అన్నీ ఉన్నాయి. పాఠం వాటిలో కలిసిపోయింది. మా దృష్టిలో పంపు సీన్ కంటే ఈ నిర్ణయమే పెద్దది.

1904లో హెలెన్ రాడ్‌క్లిఫ్ కాలేజీలో డిగ్రీ పూర్తి చేశారు. క్లాసులో లెక్చర్లన్నీ ఆమె చేతిలోకి చేరవేసింది అన్నేనే. 1936 అక్టోబర్ 20న అన్నే కన్నుమూశారు. అప్పటికి ఆమెకు చూపు దాదాపు పూర్తిగా పోయింది.

హెలెన్ 1955లో మన దేశానికి వచ్చారు. ఇలాంటి పిల్లల కోసం ఇక్కడ తొలి సంస్థ 1977లో ముంబైలో మొదలైంది. దానికి పెట్టింది స్టూడెంట్ పేరే, హెలెన్ కెల్లర్ అని.