లవ్‌క్రాఫ్ట్‌తో నా కుస్తీ

బి.ఏ. మొదటి సంవత్సరంలో, హాస్టల్ గదిలో ఎవరో సీనియర్ వదిలిపోయిన అట్టలూడిన కథల పుస్తకం ఒకటి నా చేతికొచ్చింది. రచయిత హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్. తెలుగు మీడియంలో చదివినవాణ్ణి కదా, పక్కన నిఘంటువు పెట్టుకుని కూర్చున్నాను. మొదటి పేజీకే గంట పట్టింది. భయం మాట దేవుడెరుగు, వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలిస్తే చాలనిపించింది! 'ఎల్‌డ్రిచ్' అనే మాటైతే నా నిఘంటువులోనే లేదు. ఇంగ్లీషు లెక్చరర్ గారినడిగితే, అది ఏనాడో పాతబడిన మాట, ఇంగ్లీషువాళ్లే మామూలుగా వాడరన్నారు. అప్పటికి నా ప్రాణం కుదుటపడింది. ఇంతకీ ఈ మనిషి ఇలా ఎందుకు రాశాడని ఆరా తీయడం మొదలెట్టాను.

లవ్‌క్రాఫ్ట్ 1890 ఆగస్టు 20న అమెరికాలోని ప్రావిడెన్స్ నగరంలో పుట్టాడు. మూడేళ్లు నిండకముందే తండ్రికి మతి చలించింది. 1898లో ఆసుపత్రిలోనే పోయాడు. పిల్లవాడు తాతగారింట్లో పాత పుస్తకాల మధ్య పెరిగి, పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషును ఒంటబట్టించుకున్నాడు. నన్ను ఏడిపించిన భాష అదే! 1904లో తాత పోయాడు, ఇల్లు చేజారింది. 1908లో నరాల జబ్బుతో హైస్కూలు చదువూ ఆగిపోయింది. యూనివర్సిటీ మెట్లు ఎక్కలేదాయన.

1924లో సోనియా గ్రీన్‌ను పెళ్లాడి న్యూయార్క్ చేరాడు. ఆమె ఉక్రెయిన్‌లో పుట్టి చిన్నతనంలో అమెరికా వచ్చిన యూదు మహిళ. ఆయనకేమో వలస వచ్చినవాళ్లన్నా, నల్లవాళ్లన్నా ఏవగింపు. 1925లో రాసిన రెడ్ హుక్ కథలో పరాయిదేశాలవాళ్లుండే పేటనే దయ్యాల కొంపగా చూపించాడు. అది చదివిన రాత్రి నాకు మనసు విరిగిపోయింది. నిఘంటువు తిరగేసి మరీ ఇంత కష్టపడి చదువుతున్నది, నాబోటివాణ్ణి గడప తొక్కనివ్వని మనిషి రాతలనా? నెల్లాళ్లు పుస్తకం ముట్టలేదు. ఆ విషయంలో ఆయన్ని ఇవాళ్టికీ క్షమించలేను.

1926లో ఆయన ఒంటరిగా ప్రావిడెన్స్ తిరిగొచ్చి, ఆ ఏడే క్థుల్హు కథ రాశాడు. 'వియర్డ్ టేల్స్' పత్రిక 1928లో వేసింది. ఆ పేరు మనిషి గొంతుకు పలకని పేరట! చూశారా, ఇక్కడ అమెరికావాడూ నేనూ సమానమే. మా హాస్టల్లో తలా ఒక రకంగా పలికి నవ్వుకున్నాం. అందులో సముద్రం అడుగునుంచి లేచిన నగరంలో కోణాలు యూక్లిడ్‌కు లొంగవు. మా లెక్కల రూమ్మేటు కాగితం మీద గీతలు గీసి అదేమిటో చెప్పాక, ఆ రాత్రి కరెంటు పోతే నిజంగానే జడుసుకున్నాను. ఆ పూట నిఘంటువు తెరవలేదు. అర్థంకాని మాటలు చీకట్లో పాడుబావుల్లా ఉన్నాయి, తొంగిచూడ బుద్ధికాలేదు.

ఆయనకు మాత్రం తిండికి చాలీచాలని బతుకే. ఇతరుల రాతలు దిద్ది పొట్టపోసుకున్నాడు. ఇంద్రజాలికుడు హౌడినీ పేరు మీద కూడా కథ రాసిచ్చాడు. ఎంతో ఆశతో రాసిన దక్షిణ ధ్రువపు నవలను 1931లో 'వియర్డ్ టేల్స్' తిప్పికొడితే కుంగిపోయాడు. బతికుండగా పుస్తకంగా వచ్చిన కథ 1936లో ఒకే ఒకటి, అదీ అచ్చుతప్పుల పుట్ట. 1937 మార్చి 15న పేగు కాన్సర్‌తో పోయాడు. నలభై ఆరేళ్లు. 1939లో డెర్లెత్, వాండ్రీ అనే ఇద్దరు మిత్రులు ఆయన కథలు అచ్చువేయడానికే ఆర్ఖామ్ హౌస్ పెట్టారు. సమాధి మీద ఆయన పేరుతో విడిగా రాయి పడడానికి 1977 దాకా ఆగాలి. దాన్ని వేయించింది పాఠకులే.

నా పుస్తకం ఇప్పుడు ఒక జూనియర్ దగ్గరుంది. అంచుల్లో పెన్సిలుతో తెలుగు అర్థాలు రాసిచ్చాను, రెడ్ హుక్ కథ కూడా వదలకుండా.